గోనె మూతి విప్పే ముందు

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కంపెనీ ఉద్యోగం మానేసి, వార్డులో పొడి చెత్త కేంద్రం నడపడానికి ఒప్పుకున్నావట. పక్కనున్న ఎరువు షెడ్డు కూడా నీ చేతికే వస్తుందట. మీ అమ్మ ఒకటే ఏడుపు. దాన్ని ఓదార్చి ఫోన్ పెట్టేశాక నేనూ కాసేపు ఏడ్చాను. మీ జేజి హిందూపురం నుంచి వచ్చి ఈ బెంగళూరు వీధులు ఊడ్చింది. ఆమె మనవరాలు ఇప్పుడు ఒక కేంద్రానికి బాధ్యురాలిగా సంతకం పెట్టబోతోంది. చూడడానికి ఆమె ఉండాల్సింది.

కాటా, లెక్కలు, ఆటో టిప్పర్ వాళ్లతో మాటలు నీకు నేను నేర్పక్కర్లేదు. ప్లాస్టిక్‌లో ఏది ఏ రకమో నెలలో చేతికే తెలిసిపోతుంది. గాజు పెంకులకు చేతితొడుగులు, మేకులకు బూట్లు, ఇవి ఎవరైనా చెప్తారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. బూజు.

పండక్కి ఇంట్లో దులిపే బూజు అనుకోకు. రొట్టె మీద, ఉల్లిపాయ మీద పట్టే బూజు. యశవంతపురం మార్కెట్ యార్డు నుంచి వచ్చిన ఉల్లిగడ్డల గోనె చూశావా? పొరల మీద నల్లటి పొడి ఉంటుంది, వేలితో రాస్తే మసిలా అంటుకుంటుంది. అది ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు విత్తనం. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి మీద పట్టే పసుపుపచ్చది దాని చుట్టమే, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసేది అదే. ఎరువు కుప్ప కాలిపోతూ ఆవిర్లు కక్కుతుందే, ఆ వేడిలో హాయిగా పెరిగేది ఇంకో చుట్టం, ఫ్యుమిగేటస్. దాని విత్తనం రెండు మూడు మైక్రాన్లకు మించదు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ముక్కు దాన్ని ఆపలేదు, నేరుగా ఊపిరితిత్తి అడుక్కి పోతుంది. ఈ పేర్లన్నీ నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఎంత ఆలస్యంగానో చెప్తాను విను.

2012లో మావళ్ళిపుర చెత్తగుంట మూతపడి ఊరంతా కుప్పలు పేరుకున్న సంగతి నీకు గుర్తుండదు, చిన్నపిల్లవి. ఆ తర్వాతే మా వార్డులోనూ కేంద్రం పెట్టారు. కొన్నాళ్లకు నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు. ఆ ఏడాది ఆయుధపూజకు వాన పట్టుకుంది. ఈ ఊళ్లో ఆయుధపూజ మర్నాడు ఎలా ఉంటుందో తెలుసుగా, రోడ్డంతా పగిలిన బూడిద గుమ్మడికాయలు, అరటి బోదెలు, చల్లిన బొరుగులు. అవన్నీ పొడి చెత్తతో కలిపి గోనెల్లో కుక్కి మా షెడ్డులో పడేశారు. బండి రాలేదు. తొమ్మిది రోజులు ఆ గోనెలు తడిసి, మగ్గి, అలాగే ఉన్నాయి.

పదో రోజు విప్పించాను. వాసన వస్తోందని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గొడవ చేస్తుంటే షట్టరు సగం దించేశాను. లోపల ఉక్కపోత. ఆడవాళ్లు నలుగురు. ముఖానికి కట్టుకున్న కొంగులు తడిసి ఊపిరి ఆడటం లేదంటే, తీసేయండి అన్నాను. పైగా స్టాండు ఫ్యాను తెచ్చి గోనెల వైపు తిప్పాను. వాళ్లకు చల్లగా ఉంటుందనే పెట్టాను పాపా. మొదటి గోనె బోర్లించగానే బూడిదరంగులో, పచ్చగా, పొగ లేచినట్టు లేచింది. ఫ్యాను గాలికి షెడ్డంతా తిరిగింది. ముక్కిపోయిన వాసన. నలుగురూ దగ్గారు, నవ్వుకున్నారు, పని చేశారు.

పన్నెండింటికి విప్పాం. సాయంత్రం ఏడింటికి నలుగురికీ చలిజ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీ బిగుతు. వాన జ్వరం అనుకుని డోలో ఇచ్చాను. పొద్దున్నకి తగ్గింది. తగ్గింది కదా అని మళ్లీ అదే పనికి పంపాను. రానన్న ఒకామెను తిట్టాను కూడా. దుమ్ము పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత వచ్చే జ్వరం అలాగే ఉంటుంది. మర్నాటికి పోతుంది. అందుకే ఎవరూ దాన్ని పనితో ముడిపెట్టరు.

ముగ్గురు తేరుకున్నారు. నాలుగో ఆమె వయసులో నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు దగ్గు ఆగలేదు. నేనే తోడుగా ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు, ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. అక్క నోరు తెరిచేలోపే నేను, ఇళ్లలో పని చేస్తుంది సార్ అన్నాను. వెనక లైన్లో ముప్పై మంది ఉన్నారు. చెత్త అంటే జరిగి నిలబడతారని నాకు సిగ్గేసింది. ఆ ఒక్క మాటతో ఆమె రోగానికి దారి మూసేశాను. కళ్లెలో టీబీ దొరకలేదు, అయినా ఎక్స్‌రేలో మచ్చలున్నాయని ఆరు నెలలు టీబీ మాత్రలు మింగింది. ఆ ఆరు నెలలూ పొద్దున మాత్ర వేసుకుని నా దగ్గరకే వచ్చి గోనెలు విప్పింది.

తర్వాత ఇంకో చోట ఒక డాక్టరమ్మ ఆమెనే అడిగింది. చెత్త వేరు చేస్తానని అక్క చెప్పింది. బూజు దుమ్ము ఉంటుందా, సాయంత్రం జ్వరం వస్తుందా అని డాక్టరమ్మ వరసగా అడుగుతుంటే నాకు కాళ్లలో సత్తువ పోయింది. బూజు దుమ్ము పడక ఊపిరితిత్తులు వాచే జబ్బు అది. పని మాన్పించి మందులిస్తే మొదట్లోనే ఆగుతుంది. అక్కకు అప్పటికే లోపల మచ్చకట్టి గట్టిపడిపోయింది. ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఉంది. ప్రతి ఉగాదికీ వెళ్తాను. గడప దాటి వాకిట్లోకి రావడానికి రెండుసార్లు ఆగుతుంది. నన్ను ఒక్క మాట అనదు.

అందుకని నీ దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పు, ఏ డాక్టరు దగ్గరకెళ్లినా ముందు పని పేరు చెప్పాలని. వీలైతే నువ్వే వెంట వెళ్లు, గట్టిగా చెప్పు. నాలా చెయ్యకు.

తడిసి మగ్గిన గోనె ఏదైనా సరే ఆరుబయట విప్పించు. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడమను. విప్పే ముందు నీళ్లు సన్నగా చిలకరించు, పొడి చీపురుతో ఊడవనివ్వకు. గుడ్డ, ఆసుపత్రుల్లో పెట్టుకునే నీలం మాస్కు ఈ దుమ్మును ఆపలేవు. ఎన్95 కావాలి, రెండు పట్టీలూ తల వెనక్కి వెళ్లేవి, ముక్కు మీద రేకు నొక్కితే గాలి పక్కనుంచి కారకూడదు. గడ్డం ఉన్న మగపిల్లలకు అది అతకదు, గీసుకోమని చెప్పు, అలుగుతారు, అలగనీ. తడిసిన మాస్కు పారేయాలి, ఖర్చని చూడకు. ఆస్తమా ఉన్నవాళ్లను, ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లను ఎరువు కుప్ప తిరగేయడానికి పెట్టకు. టీబీ వదిలిపోయిన గుంటల్లో ఈ బూజు ముద్దగా కాపురం పెడుతుంది.

ఇక అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చిపోతే, బూజు పట్టిన వేరుశనగ పిండి మేపడం వల్లనే అని తేలింది. అప్పుడే ఈ విషం బయటపడింది. ఇది లివర్ క్యాన్సర్ తెస్తుంది. పోర్చుగల్‌లో చెత్త వేరు చేసే కార్మికుల రక్తంలోనూ ఇది కనిపించింది, పనిచోట దుమ్ములోంచి ఎక్కిందని పరిశోధకుల అంచనా. లివర్‌ను పాడుచేసే హెపటైటిస్ బీ ఉన్నవాళ్లకు దీంతో ప్రమాదం ఎన్నో రెట్లు. చెత్తలో సూదులు గుచ్చుకుంటే వచ్చేదీ అదే హెపటైటిస్. కాబట్టి నీతో సహా అందరికీ ఆ టీకా మూడు డోసులూ వేయించాకే షట్టరు ఎత్తు. చేతులు కడగకుండా వక్కాకు వేసుకోనివ్వకు. గేదెలున్నవాళ్లు వచ్చి మేతకని బూజు రొట్టెలు, వేరుశనగ చెక్క అడుగుతారు, పాపం అనిపిస్తుంది, ఇవ్వకు. విషం పాలల్లోకి దిగుతుంది, కాచినా పోదు.

పని చీర ఇంటికి కట్టుకెళ్లొద్దని అందరికీ చెప్పు. అక్కడే మార్చుకోవడానికి తలుపున్న గది ఒకటి అడుగు. ఇవ్వకపోతే నాకు చెప్పు, నేనొచ్చి అడుగుతాను.

మీ అమ్మతో ఒక పెట్టె మాస్కులు పంపుతున్నాను. నువ్వెలా పెట్టుకుంటున్నావో ఆదివారం వచ్చి నాకు చూపించు. తడి గోనెలు విప్పిన రోజు, అన్నం తిన్నా తినకపోయినా, సాయంత్రం ఏడింటికి ఫోన్ చెయ్యి. నీకు చలి పెట్టిందా అని అడుగుతాను. తర్వాత నీ దగ్గరున్న వాళ్ల గురించి ఒక్కొక్కరి పేరు పెట్టి అడుగుతాను. అందరినీ కనుక్కునే ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ