రీటచింగ్ పనికి చెన్నై వస్తున్న అమ్మలుకి

అమ్మలూ,

వడపళనిలో ఏదో స్టూడియోలో ఫొటోలు దిద్దే రీటచింగ్ పనికి చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మనింట్లో నా తర్వాత ఈ పని పట్టింది నువ్వే. ఎంత సంతోషమో! కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

కోర్సులో చెప్పేవి మళ్లీ విడమర్చి చెప్పను. కెమెరా తీసింది తీసినట్టు దాచే రా ఫైలు అడిగి తీసుకో, రంగుల మెట్లు ఎక్కువుండే 16 బిట్‌లో పని చెయ్యి, ప్రింటు వేసే ల్యాబ్‌కి వాళ్లడిగిన కలర్ ప్రొఫైల్‌లో పంపు.

అసలు ఫైలు మీద మాత్రం చెయ్యి పెట్టకు. మీ తాతయ్యది ఒక్కటే ఫొటో ఉండేది, అదీ ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. నాకింకా కంప్యూటర్ రాని రోజులు. మీ నానమ్మ బాగుచేయించమంటే ఇక్కడే ఒక స్టూడియోలో ఇచ్చాం. అద్దం మీంచే ఒక ఫొటో తీశారు, అంతవరకు బాగానే ఉంది. తర్వాత స్కాన్ ఇంకా బాగా వస్తుందని అద్దం నుంచి పీకారు. చెంప దగ్గర పొర అద్దానికే ఉండిపోయింది. మిగిలిన ఆ ఒక్క ఫైలు మీదే మచ్చల్ని చుట్టుపక్కల చర్మంతో కప్పే హీలింగ్ బ్రష్ తిప్పి, నునుపు చేసి, అదే పేరుతో సేవ్ చేశారు. తాతయ్యకి చిన్నప్పుడు అమ్మవారు పోసింది, మొహం నిండా మచ్చలే. నానమ్మ పెళ్లిపీటల మీద చూసింది ఆ మొహాన్ని. స్టూడియో ఇచ్చిన ఫొటోలో ఒక్క మచ్చా లేదు. "ఈయనకి నేను దండ వెయ్యను" అనేసింది. ఆ కోపంతోనే నేను ఫొటోషాప్ నేర్చుకున్నాను.

అందుకే చెబుతున్నా. మచ్చ తీయాలంటే ఫొటో మీద పారదర్శక కాగితంలా పరిచే కొత్త ఖాళీ లేయర్ మీద తియ్యి, బ్రష్ కింది ఫొటోని కూడా చూసేలా 'కరెంట్ అండ్ బిలో' పెట్టుకుని. వెలుగునీడలు దిద్దాలంటే 50 శాతం గ్రే నింపిన లేయర్‌ని సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెట్టి, బ్రష్ ఫ్లో, అంటే రంగు జారే జోరు, బాగా తగ్గించు. రంగులకి కింది ఫొటోని ముట్టకుండా మార్చే అడ్జస్ట్‌మెంట్ లేయరు, అదెక్కడ పడాలో చెప్పే ఓ మాస్కు. లేయర్లన్నీ ఉండే పీఎస్‌డీ ఫైలు దాచుకో, జేపెగ్ మార్చి సేవ్ చేసినకొద్దీ చెడిపోతుంది. చర్మపు గరుకునీ రంగుల్నీ వేరే లేయర్లుగా విడదీసే ఫ్రీక్వెన్సీ సెపరేషన్ రాగానే అందరి మొహాలకీ వాడేయాలనిపిస్తుంది. రంగులున్న లేయర్‌ని అతిగా బ్లర్ చేశావో, మైనపు బొమ్మే.

మేం నెగటివ్ మీద సన్నటి పెన్సిల్ మొనతో దిద్దేవాళ్లం. గీత పడిన చోట ప్రింటు తేలికపడేది. ఒక్క మొహానికే చెయ్యి లాగేసేది కాబట్టి అతి చేసే ఓపిక ఉండేది కాదు. నీకది నిమిషం పని, నా భయమంతా అదే తల్లీ.

పెళ్లికూతురి మొటిమ వారంలో పోయేదే, తీసెయ్. పుట్టుమచ్చ, ఒంటిరంగు ఆ పిల్లవి. తెల్లగా చెయ్యమని ఎవరో చుట్టం చెబితే ఒప్పుకోకు, పెళ్లికూతుర్నే అడుగు.

గంటకోసారి కుర్చీలోంచి లే. బయటి ఆల్బమ్ పనులకి అడ్వాన్సు తీసుకున్నాకే కూర్చో. ఆదివారాలు పెరంబూరు రా, పెద్దమ్మ గోంగూర చేసి పెడతానంటోంది.

పెదనాన్న