జువాలజీ చదవకుండా వన్యప్రాణుల రంగంలోకి రావచ్చా?

బీకామ్ చదివి అడవుల గురించి, జంతువుల గురించి రాయాలనుకుంటున్నానని, డిగ్రీ అడ్డమా, దీంతో ఇల్లు గడుస్తుందా అని అడిగారు. డిగ్రీ అడ్డం కాదు. ఇల్లు గడవడం సంగతే ఆలోచించాలి.

మాది సూళ్లూరుపేట వైపు. చెన్నైలో అకౌంట్స్ ఉద్యోగం. ఇక్కడికొచ్చాకే అడవుల గురించి రాసి, ఫొటోలు తీసిన ఎం. కృష్ణన్ గురించి తెలిసింది. 1912లో తిరునల్వేలిలో పుట్టారు. తండ్రి మాధవయ్య తమిళ నవలాకారుడు. కృష్ణన్ చదివింది బాటనీ, తర్వాత లా. 1942లో బళ్లారి పక్కన సండూరు సంస్థానంలో చేరి పంతులుగా, జడ్జిగా, ప్రచారాధికారిగా ఏది అప్పజెబితే అది చేశారు. సంస్థానం విలీనమయ్యాక రాతనీ, ఫొటోలనీ నమ్ముకుని మద్రాసు వచ్చేశారు. ఇంట్లోవాళ్లకి ఎంత టెన్షనో!

1950లో కలకత్తా 'స్టేట్స్‌మన్' పత్రికలో 'కంట్రీ నోట్‌బుక్' శీర్షిక మొదలుపెట్టి 1996 ఫిబ్రవరిలో పోయేదాకా రాశారు. పులులూ ఏనుగులే కాదు, పెరట్లో వాలే పిట్టలూ అందులో ఉండేవి. ఫొటోలు బ్లాక్ అండ్ వైట్‌లోనే తీసేవారు. పద్మశ్రీ కూడా వచ్చింది. నాకు మాత్రం బిరుదుకన్నా ఆ నలభై ఆరేళ్లే గొప్ప. అన్నేళ్లు ఆపకుండా రాయాలంటే అన్నేళ్లూ ఆపకుండా చూడాలి కదా.

ఆ చూసే అలవాటు మీకూ కావాలి. మా సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో గూడబాతుల (పెలికాన్ల) రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే పొలం బాగా పండుతుందని రైతులు ఆ పిట్టల జోలికి పోరు. జువాలజీ వాళ్లు వచ్చి అడిగి రాసుకునే సంగతి మాకు చిన్నప్పుడే తెలుసు. మీ ఊళ్లోనూ అలాంటివి ఉంటాయి. తెలుగులో వాటిని రాసేవాళ్లు బాగా తక్కువ.

ఇక డబ్బు. నాకు తెలిసిన సంస్థల్లో ఫీల్డ్ ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు లెక్కన ఉంటాయి. ప్రాజెక్టు అయిపోతే జీతమూ ఆగుతుంది. అందుకే నేను ఉద్యోగం వదల్లేదు. మీరూ ఇప్పుడే వదలకండి. పైగా ఈ సంస్థలకీ లెక్కలు చూసేవాళ్లు కావాలి, మీ బీకామ్ అక్కడ పనికొస్తుంది.

ముందు వాలంటీరుగా రండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చెన్నై తీరంలో గుడ్లు పెడతాయి. రాత్రిపూట బీచ్ వెంట నడుస్తూ గూళ్లు వెతికి, గుడ్లను హేచరీకి, అంటే అవి పిల్లలయ్యేదాకా కాపాడే చోటికి, చేర్చే విద్యార్థుల బృందంతో నేనూ వెళ్తుంటాను. వారాంతాల్లో కొత్తవాళ్లనీ రానిస్తారు. చాలా దూరం ఇసకలో నడవాలి, టార్చ్ వేయనివ్వరు. మధ్యాహ్నం కాసేపు పడుకుని రండి.