వర్చువల్ ఆఫీసు తీసుకునే ముందు రిసెప్షన్ సంగతి చూడండి

అడిగింది ఇదీ: నలుగురు పనిచేసే కంపెనీకి పెద్ద నగరంలో వర్చువల్ ఆఫీసు (అడ్రసు, ఉత్తరాలు, రిసెప్షన్ మాత్రమే అద్దెకిచ్చేది) సరిపోతుందా, సర్వీస్డ్ ఆఫీసు (బల్లలు, ఇంటర్నెట్ సహా కూర్చుని పనిచేసే గది అద్దెకిచ్చేది) కావాలా?

నలుగురూ ఇళ్ల నుంచే పనిచేస్తుంటే వర్చువల్ చాలు. వారానికి మూడు రోజులు ఒకచోట కూర్చోవాల్సి వస్తే మాత్రం సర్వీస్డ్ తీసుకోండి. వర్చువల్ తీసుకుని మీటింగ్ రూమును గంటల లెక్కన వాడుతూ పోతే బిల్లు ఎక్కడికి పోతుందో నెలాఖరుకి గానీ తెలియదు. ఇక అసలు సంగతికి వస్తాను.

అందరూ పేరున్న వీధినీ అద్దాల బిల్డింగునూ చూసి డబ్బు కడతారు. ఆ డబ్బుకి మీకు నిజంగా దక్కేది రిసెప్షన్‌లో కూర్చున్న మనిషి చేసే పని.

ఆ అడ్రసులో కంపెనీ నిజంగా ఉందా అని బ్యాంకు చూసుకునే వెరిఫికేషన్ రోజే తీసుకోండి. బ్యాంకు మనిషి చెప్పకుండా వస్తాడు. మధ్యాహ్నం షిఫ్టులో కొత్తగా చేరిన అమ్మాయి ఉంటుంది. అతను చెప్పిన కంపెనీ పేరు కంప్యూటర్లో వెతికితే దొరకదు. ఎందుకంటే బుక్ చేసేనాటికి కంపెనీ రిజిస్టర్ కాలేదు, ఆఫీసు వాళ్ల దగ్గర ఖాతా మీ సొంత పేరు మీద ఉంది. గోడ మీది బోర్డులో బోలెడు పేర్లున్నా మీది లేదు, బోర్డుకి వేరే చార్జీ కాబట్టి. "అలాంటి కంపెనీ ఇక్కడ లేదండీ" అంటుంది. ఆమె తప్పేం లేదు. అతను ఫోటో తీసుకుని, ఈ అడ్రసులో కంపెనీ లేదని రిపోర్టు రాసేస్తాడు. ఆ ఒక్క ముక్క సరిచేయించుకోవడానికి పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

కాబట్టి అగ్రిమెంటు అక్షరం తేడా లేకుండా కంపెనీ పేరు మీదే ఉండాలి. కంపెనీ ఇంకా పుట్టకపోతే, రిజిస్టర్ అయ్యాక పేరు మార్చి ఇస్తామని ముందే రాయించుకోండి. అంతస్తు, గది నంబరు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉండాలి. ఇతరులకు అడ్రసు ఇచ్చే హక్కు ఆపరేటరుకి, అంటే మీకు ఆఫీసు అద్దెకిచ్చే సంస్థకి, ఉందని చూపే లీజు పేజీ, ఈమధ్య వచ్చిన కరెంటు బిల్లు అడగండి. వీటి కాపీలూ, ఎవరైనా వస్తే ఫోన్ చెయ్యాల్సిన నంబరూ ఒక ఫైల్లో పెట్టి రిసెప్షన్‌లోనే ఉంచండి. సంతకం పెట్టకముందే తెలిసినవాళ్లెవరినైనా మధ్యాహ్నం పూట అక్కడికి పంపి, బోర్డు మీదున్న ఏదో ఒక కంపెనీ గురించి అడిగించండి. ఆ కంపెనీకి చెప్పిన జవాబే రేపు మీకూ చెబుతారు.

ఉత్తరాల విషయం ఇంకా ముఖ్యం. లీగల్ నోటీసు గడువు సాధారణంగా ఆ అడ్రసుకి చేరిన రోజు నుంచే మొదలవుతుంది, మీరు చదివిన రోజు నుంచి కాదు. వచ్చిన రోజే కవరు ఫోటో పంపుతారా, రిజిస్టర్డ్ పోస్టుకి సంతకం ఎవరు పెడతారు, ఎన్ని రోజులు దాచి ఉంచుతారు, ఇవన్నీ అగ్రిమెంట్లో ఉండాలి. బ్రిటన్‌లో 2024 మార్చి 4 నుంచి రిజిస్టర్డ్ ఆఫీసుగా, అంటే కంపెనీ అధికారిక అడ్రసుగా, ఉత్త పోస్ట్ బాక్సు చెల్లదు. అక్కడికి వచ్చిన కాగితం కంపెనీ తరఫు మనిషి దృష్టికి వచ్చే ఏర్పాటు ఉండాలన్నారు. మంచి నియమం.

అన్నట్టు, ఈ అడ్రసుతో గూగుల్ మ్యాప్‌లో కనిపిస్తారని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. ఉత్తరాల కోసం అద్దెకు తీసుకుని, అక్కడ పనే చెయ్యని చోటుకి ప్రొఫైల్ ఇవ్వబోమని గూగుల్ నిబంధనల్లోనే ఉంది.

సర్వీస్డ్ ఆఫీసయితే వెబ్‌సైటు ఫోటోలు పక్కన పెట్టండి. వైడ్ లెన్సుతో తీస్తే బీరువా కూడా హాల్లా కనిపిస్తుంది. టేపు పట్టుకెళ్లి బల్ల వెడల్పు కొలవండి. ఇంటర్నెట్ వేగం ఉదయం 11 గంటలకు, అందరూ వీడియో కాల్స్‌లో ఉన్నప్పుడు చూడండి, ముఖ్యంగా అప్‌లోడు. సాయంత్రం ఏసీ ఎన్నింటికి ఆపుతారో, ఆ తర్వాత గంటకెంతో కాగితం మీద రాసిమ్మనండి. ఉచిత కాఫీ గురించి మాత్రం ఎవరూ అడక్కుండానే చెబుతారు.

ఆపరేటరు బిల్డింగు ఓనరుకి ఏళ్ల తరబడి అద్దె కడతానని ఒప్పుకుని, మీకు నెలల లెక్కన అమ్ముతాడు. సీట్లు ఖాళీ అయితే దెబ్బతినేది అక్కడే. ఇలా ఆఫీసులు అద్దెకిచ్చే పెద్ద కంపెనీ వీవర్క్ అంతటిది 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది, చాలాచోట్ల లీజులు వదులుకుంది. అసలు లీజు ఇంకా ఎన్నాళ్లుందో అడగడానికి మొహమాటపడొద్దు.

చివరగా రెన్యువల్. నోటీసు గడువు 3 నెలలైతే, ఏడాది అగ్రిమెంటుకి 9వ నెల ముగిసేలోపే ఖాళీ చేస్తున్నామని మెయిల్ పెట్టాలి. చాలా అగ్రిమెంట్లు వాటంతటవే మరో ఏడాదికి పొడిగింపు అయిపోతాయి, అదీ మొదటి ఏడాది ఇచ్చిన డిస్కౌంటు తీసేసిన రేటుకి.