బుజ్జీ, ఆ టీవీకి ఇంకా ప్లగ్ పెట్టకు

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను, ఫొటో కూడా చూశాను. పాత వాల్వ్ టీవీ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో నడిచేది) దొరికిందని, రేపో ఎల్లుండో ఆన్ చేసి చూస్తానని రాశావు. తల్లీ, ఆ ఒక్క పనీ చెయ్యకు.

నా మొదటి సెట్టుకి నేను చేసింది అదే. ఇంటికి తెచ్చిన పావుగంటలో ప్లగ్ పెట్టాను. వాల్వులు ఎర్రగా వెలిగాయి, స్పీకర్ గుర్రుమంది, నేను గంతులేసినంత పని చేశాను. రెండు నిమిషాలయ్యాక కరిగిన మైనం, కాలిన తారు కలిసినట్టు ఒక వాసన. ప్లగ్ పీకేలోపే, పిక్చర్ ట్యూబ్‌కి వేల వోల్టులు అందించే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. చూస్తే వేలెడంత పేపర్ కండెన్సర్ (చార్జి దాచుకునే పార్టు) ఒకటి లీకవుతోంది, అంతే. హారిజాంటల్ అవుట్‌పుట్ వాల్వ్ (తెర మీద గీతలని అడ్డంగా గీయించేది) గ్రిడ్ మీద, అంటే దాని కరెంటుని అదుపు చేసే జాలీ మీద, మైనస్ వోల్టేజీ ఉండాలి. ఈ లీకు వల్ల అది లేకుండా పోయి, వాల్వ్ పట్టపగ్గాల్లేకుండా కరెంటు లాగి, ఆ కరెంటంతా ఫ్లైబ్యాక్ చుట్లలోంచి పోయింది. కండెన్సర్ ఎక్కడైనా దొరుకుతుంది, ఆ మోడల్ ఫ్లైబ్యాక్ నాకు ఈనాటికీ దొరకలేదు. ఆ సెట్టు ఇంకా నా దగ్గరే ఉంది, మిగతా సెట్లకి పార్టులు దానం చేస్తూ.

షాక్ సంగతి ఒక్కసారే చెబుతాను, గట్టిగా విను. పిక్చర్ ట్యూబ్ స్వయంగా ఒక పెద్ద గాజు కండెన్సర్. బ్లాక్ అండ్ వైట్ సెట్లో దాని మీద 10 నుంచి 18 వేల వోల్టులుంటాయి, కలర్ సెట్లో 25 వేల దాకా. ప్లగ్ తీసేసి రోజులైనా కొంత మిగిలే ఉండొచ్చు. ప్లాస్టిక్ పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి, ఆ వైరు రెండో కొసని ట్యూబ్ వెనక నల్లటి పూతకి ఆనుకుని ఉండే ఎర్త్ తీగకి బిగించి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, స్క్రూడ్రైవర్ మొనని ట్యూబ్ మీదున్న రబ్బరు మూత కిందికి తోసి యానోడ్‌కి, అంటే ఆ వేల వోల్టులు ట్యూబ్‌లోకి వెళ్ళే లోహపు చోటుకి, తాకించు. చిటుక్కుమంటుంది. అయిదు నిమిషాలాగి మళ్ళీ తాకించు, ఎందుకంటే కొంత చార్జి దానంతటదే తిరిగి చేరుతుంది. సప్లయి దగ్గరున్న పెద్ద కండెన్సర్లని కూడా ఒక రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా అని చూసుకున్నాకే చెయ్యి లోపల పెట్టు. ట్యూబ్‌ని మెడ పట్టుకుని ఎత్తకు, కళ్ళకి రక్షణ అద్దాలు లేకుండా దాని జోలికే పోకు. లోపల గాలి లేదు కాబట్టి పగిలితే గాజు లోపలికి కుప్పకూలి ముక్కలు నలుమూలలా ఎగురుతాయి.

చాలా సెట్లలో పవర్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. ఖర్చు తగ్గించడానికి వాల్వుల హీటర్లన్నీ సిరీస్‌లో కలిపి మెయిన్స్‌కి పెట్టేసి, మెయిన్స్‌లో ఒక తీగని తిన్నగా ఛాసిస్‌కే, అంటే లోపలి లోహపు చట్రానికే, కలిపేవాళ్ళు. ప్లగ్ తిరగబడితే ఛాసిస్ మొత్తం లైవ్. అందుకని సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా బల్ల మీద సెట్టు వెయ్యకు. వేరియాక్ ఉంది కదా అంటావేమో, వేరియాక్ వోల్టేజీ తగ్గిస్తుందే తప్ప మెయిన్స్ నుంచి విడదీయదు, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

ఇక అసలు పని. మైనం పూసిన పేపర్ కండెన్సర్లు ఎన్ని ఉంటే అన్నీ మార్చు, టెస్ట్ చేస్తూ కూర్చోకు, ఇవాళ బాగున్నది రేపు పోతుంది. వాటి స్థానంలో 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు పెట్టు. పాత దాని మీద 0.05 (మైక్రోఫారడ్) అని ఉంటే ఇప్పుడు దొరికే 0.047 సరిపోతుంది. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు కూడా మార్చాల్సిందే. మైకా, సిరామిక్ వాటిని మాత్రం ముట్టుకోకు, అవి మనకంటే గట్టివి.

కానీ ఒకటి తీసి ఒకటి పెట్టు. నేనొకసారి ఉత్సాహం ఆపుకోలేక ఒకే సాయంత్రం ఇరవై మూడు మార్చేశాను. తీరా ఆన్ చేస్తే బొమ్మ లేదు. తప్పు నాదా, సెట్టుదా? రెండు నెలలు వెతికాక తేలిందేమిటంటే ఒక కాలు పక్క ట్యాగ్‌కి టంకం పెట్టాను. ఇప్పుడు మూడు నాలుగు మార్చగానే ఆపి, డయాగ్రమ్ మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టి, రంగు వైర్లు ఎటు పోయాయో మళ్ళీ చూసుకుంటాను. డయాగ్రమ్ లేకుండా అసలు మొదలుపెట్టకు. అమెరికన్ సెట్టయితే 1946 నుంచి వచ్చిన శామ్స్ ఫొటోఫ్యాక్ట్ ఫోల్డర్లు వెతుకు, ఏ పిన్ను మీద ఎంత వోల్టేజీ ఉండాలో, స్కోపులో (తరంగాన్ని తెర మీద చూపే పరికరం) తరంగం ఎలా కనబడాలో కూడా అందులో ఉంటుంది.

రెసిస్టర్లలో పాత కార్బన్‌వి ఏళ్ళు గడిచేకొద్దీ విలువ పెరుగుతాయి, 470 కె (వేల ఓములు) అని దాని మీది రంగు గీతలు చెబుతుంటే మీటర్ 620 చూపిస్తుంది. ఒక కాలు లేపి కొలువు, లేకపోతే పక్క పార్టులు కలిసి తప్పు లెక్క చెబుతాయి. వాల్వులయితే పైకి కనబడే వెండి మచ్చ చూడు. ఆ మచ్చ పాలలా తెల్లబడిందంటే గాలి దూరింది, ఇక దాన్ని పక్కన పడెయ్యి. అంతే తప్ప అన్ని వాల్వులూ కొనుక్కొచ్చి పెట్టడం డబ్బు తగలెయ్యడమే, చాలాసార్లు తప్పు వాల్వుల్లో ఉండదు.

మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బుని సెట్టుకి సిరీస్‌లో పెట్టు, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు వెలిగి కాస్త మసకబారితే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే ఎక్కడో షార్టుంది, ఆపెయ్యి. బల్బు ఉండగా బొమ్మ రాలేదని కంగారుపడకు, అంత కరెంటు దానిలోంచి పోదు, అది షార్టు పట్టడానికే.

తర్వాత సెట్టే మాట్లాడుతుంది. శబ్దం ఉండి తెర నల్లగా ఉంటే ముందు హారిజాంటల్ వైపు వెళ్ళు. మధ్యలో ఒక్క అడ్డగీత మిగిలితే వర్టికల్, అంటే బొమ్మని పైకీ కిందకీ పరిచే భాగం, పోయింది. అలాంటప్పుడు వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించు, లేకపోతే ఆ గీత తెర మీద పచ్చబొట్టులా మిగిలిపోతుంది. బొమ్మ కింది భాగం మడతపడుతుంటే వర్టికల్ అవుట్‌పుట్ వాల్వ్ గ్రిడ్‌కి వచ్చే కండెన్సర్‌ని అనుమానించు. 1940ల చివర, 1950ల నాటి చాలా సెట్లలో ట్యూబ్ మెడకి చిన్న అయస్కాంతం తగిలించి ఉంటుంది, అయాన్ ట్రాప్ అంటారు. దాన్ని అలంకారం అనుకుని తీసేసినవాళ్ళున్నారు. బ్రైట్‌నెస్ తక్కువలో పెట్టి, తెర ఎక్కువగా వెలిగే చోటుకి దాన్ని మెల్లగా జరపాలి, తప్పు చోట వదిలేస్తే ఎలక్ట్రాన్లు ట్యూబ్ లోపలి భాగాలనే కాలుస్తాయి.

ప్రసారాల సంగతి నీకు తెలిసిందే, చాలా దేశాల్లో అనలాగ్ ఆగిపోయింది. వీడియోని పాత టీవీ పట్టుకునే ఛానల్ సిగ్నల్‌గా మార్చే చిన్న ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ కావాలి, అది నీ సెట్టు బొమ్మని 525 లైన్లలో గీస్తుందా 625లోనా అన్నదానికి సరిపోవాలి. పాత బ్రిటిష్ 405 లైన్ల సెట్టయితే కన్వర్టర్ తప్పదు, ఆ ప్రసారాలు 1985 జనవరితోనే ముగిశాయి. చెక్క పాలిష్ గురించి నన్నడక్కు, నాకు రాదు.

ఒక సాయం మాత్రం నువ్వే చెయ్యాలి. హారిజాంటల్ పని చేస్తుంటే సన్నగా ఈలలాంటి కూత వస్తుంది, 625 లైన్ల సెట్లో అది సెకనుకి 15,625 సార్లు. ఒకప్పుడు గదిలోకి అడుగు పెట్టగానే వినేవాణ్ణి, ఇప్పుడు నా చెవులకి అందదు, స్కోపు పెట్టి చూసుకోవాల్సి వస్తోంది. నేనక్కడికి వచ్చినప్పుడు వేద్దాం, నువ్వు విని చెప్పు.

ఈలోగా వెనక అట్ట తీసి, ఇందాక చెప్పినట్టు డిశ్చార్జ్ చేసి, ఛాసిస్ కింద భాగం వెలుతురులో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పంపు. ప్లగ్ వైరు మీద రబ్బరు ఎలాగూ పెళుసుబారి ఉంటుంది, దాన్ని ఇవాళే కత్తిరించి పారెయ్యి. కొత్త వైరు చివర్లో వేద్దాం.

మీ పెదనాన్న