ఎయిర్‌ఫోర్స్ వదిలి ఇంటికొచ్చాను.. ఇంట్లోనే పరాయివాణ్నయ్యాను

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. షార్ట్ సర్వీస్ కమిషన్ మీద ఎయిర్‌ఫోర్స్‌లో 14 ఏళ్లు ఎంఐ-17 హెలికాప్టర్లు నడిపి, రెండేళ్ల కింద బయటికొచ్చాను. పెన్షన్ లేదు. వచ్చిన డబ్బుతో మూడు డ్రోన్లు కొని పరకాల, నర్సంపేట వైపు పొలాలకు మందు కొట్టే పని పెట్టాను. రైతుల దగ్గర నాలుగు లక్షల దాకా ఉద్దెర ఉంది. ఒక కుర్రాడు నాజిల్ మూసుకుపోయిన సంగతి చెప్పకుండా దాచాడు. పత్తిలో రెండు సాళ్లకు మందు పడలేదని ఆ రైతు డబ్బులివ్వలేదు. నేను గట్టిగా అరిచాను. ఆ వారమే ఇద్దరు పని మానేశారు. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్. బాబుకు పన్నెండేళ్లు, పాపకు ఏడు. పిల్లలకు టైంటేబుల్ రాసి ఫ్రిజ్‌కు అంటిస్తే బాబు చింపేశాడు. మొన్న నా భార్య 'మీరు డ్యూటీలో ఉన్నప్పుడే ఇల్లు ప్రశాంతంగా ఉండె' అంది. సాయంత్రాలు మామునూరు దగ్గర కారు ఆపి పాత రన్‌వే వైపు చూస్తూ కూర్చుంటున్నాను. ఇంట్లో చెప్పలేదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ముంబైలో సముద్రం మీది చమురు బావులకు సిబ్బందిని చేరవేసే హెలికాప్టర్ ఉద్యోగం చూసుకుని వెళ్లిపోదామా అనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, ఉద్దెర గురించి, పని మానేసిన పిల్లల గురించి వివరంగా రాశారు. మామునూరు సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. నాకు మాత్రం ముందు అదే కనబడింది.

నిజాం కాలంలో కట్టిన ఆ ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల విమానం దిగి నలభై ఏళ్లు దాటింది. అక్కడ చూడటానికి ఏమీ లేదని మీకూ తెలుసు, అయినా వెళ్తున్నారు. మనిషి పోతే పది రోజులు ఇంటికి చుట్టాలు వస్తారు, పక్కన కూర్చుంటారు. ప్రాణంగా చేసిన పని పోతే ఎవరూ రారు. పైగా 'హాయిగా ఇంటికాడ ఉంటున్నవ్ గదా' అంటారు. మీరు ఆ కారులో కూర్చుని పడుతున్నది దుఃఖమే. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కాకపోతే మరదలికి ఈ సంగతి తెలియదు. ఆమెకు కనబడేది పని అయిపోయినా ఇంటికి రాకుండా, ముఖం ముడుచుకుని ఆలస్యంగా వచ్చే భర్త. ఈయనకు మేమంటే ఇష్టం లేదేమో అనుకుంటుంది.

ఇక ఆమె అన్న మాట. మా నాన్న ఆర్మీలో చేసి పెన్షన్ మీద జమ్మికుంట వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. వచ్చిన వారానికే ఒక రాత్రి చౌరస్తా దాకా పోయి వచ్చేసరికి అమ్మ లోపల గొళ్లెం పెట్టేసి పడుకుంది. నాన్న తలుపు బాదాడు. 'నేనున్నానన్న సోయి లేదా' అని వాడంతా లేచేలా అరిచాడు. అమ్మ తలుపు తీసి మెల్లగా అన్నది, 'ఇన్నేండ్ల సంది ఎనిమిది గొట్టంగనే నేనే గొళ్లెం పెట్టుకుంటున్న. యాదికి రాలే.' ఆమెకు ఆయన మీద కోపం లేదు. ఒక్కతే ఇల్లు నెట్టుకొచ్చిన చేతులకు అది అలవాటైపోయింది. మరదలి మాటలో కూడా నాకు ఆ అలసటే వినిపిస్తోంది. మీరు పోస్టింగుల్లో ఉన్నన్నాళ్లూ జ్వరాలకు, ఫీజులకు, రాత్రిపూట పోయిన కరెంటుకు తట్టుకుని ఆమె ఒక ఇల్లు నడిపింది. మీరు వచ్చి దాని ఫ్రిజ్ మీద టైంటేబుల్ అంటించారు. ఇది మీరు చేసిన పొరపాటే, మెత్తగా చెప్పలేను.

కొత్త స్క్వాడ్రన్‌కు పోస్టింగ్ వచ్చినప్పుడు ఎన్ని వేల గంటలు ఎగిరిన పైలట్ అయినా మొదటి రోజే ఆ సెక్టార్‌లో తన ఇష్టానికి ఎగరడు గదా. అక్కడి కొండలు, గాలి తెలిసినవాళ్ల పక్కన కూర్చుని ముందు చూస్తాడు. మీ ఇల్లు మీకు కొత్త సెక్టార్. అక్కడ తెలిసిన మనిషి మరదలు. ఒక నెల రోజులు ఏమీ మార్చకండి, ఆమె వెంట ఉండి చూడండి. పాపకు ఏ సిరప్ పడదు, బాబు లెక్కల్లో ఎక్కడ తడబడతాడు, పాల లెక్క ఎక్కడ రాస్తారు, ఇవన్నీ అడిగి తెలుసుకోండి. తర్వాత ఆమెనే అడిగి ఒక్క పని పూర్తిగా మీ చేతిలోకి తీసుకోండి. మా ఇంట్లో ఆ రాత్రి తర్వాత గొళ్లెం పెట్టడం నాన్న పనైంది. చివరిదాకా ఆయనే పెట్టాడు. బాబుకు మాత్రం టైంటేబుల్ విషయంలో సారీ చెప్పండి. పన్నెండేళ్ల పిల్లవాడికి తండ్రి సారీ చెబితే తండ్రి విలువేం తగ్గదు.

పనిలో కూడా జరిగింది ఇదే. 1977లో టెనెరిఫ్ దీవిలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది చనిపోయిన సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని టేకాఫ్‌కు కదిలిన విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. బాగా అనుభవమున్న కెప్టెన్ ఆ మాట కొట్టిపారేశాడు. కాక్‌పిట్‌లో పక్కవాడు నోరు విప్పేలా, పెద్దవాడు వినేలా పైలట్లందరికీ శిక్షణ పెట్టింది ఆ తర్వాతే. మీరూ అది నేర్చుకున్నవారే. నాజిల్ మూసుకుపోయిందని చెబితే సార్ తిడతాడని ఆ కుర్రాడు భయపడ్డాడంటే, ఆ రెండు సాళ్ల నష్టంలో మీ వాటా కూడా ఉంది. మానేసిన ఇద్దరి ఇళ్లకూ మీరే వెళ్లండి. రోజూ పని అయ్యాక గట్టు మీద పది నిమిషాలు కూర్చుని ఏం తప్పు జరిగిందో మాట్లాడుకోండి. ముందు మీ తప్పే చెప్పండి.

ఉద్దెరకు అంత టెన్షన్ వద్దు. మన దగ్గర రైతుకు నెల జీతం రాదు. వడ్లు ఐకేపీ కేంద్రంలో కాంటా అయి డబ్బు ఖాతాలో పడాలి. పత్తి ఏరాలి, మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు పోవాలి. ఆగస్టులో మందు కొట్టి సెప్టెంబర్‌లో అడిగితే ఇవ్వలేడు. ఈ వానాకాలం నుంచి సగం గట్టు మీదే తీసుకోండి, మిగతా సగానికి ఏ పంట డబ్బు మీద ఇస్తాడో నోట్‌బుక్‌లో రాసుకోండి. పాత బాకీలకు మీరొక్కరే వెళ్లకుండా, ఆ ఊళ్లో నలుగురూ మాట వినే పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. ఇంటి ఖర్చు డబ్బు మాత్రం డ్రోన్ల ఖాతాలో కలపొద్దు. ఇప్పుడు మీ ఇల్లు మరదలి జీతం మీద నడుస్తుంటే ఆ మాట పైకి ఒప్పుకోండి.

ముంబై ఉద్యోగం తప్పేమీ కాదు. దానికి పౌర విమానయానాన్ని చూసే డీజీసీఏ ఇచ్చే లైసెన్స్, మెడికల్ కావాలని మీకు తెలుసు. పరీక్షలకు చదవడం మొదలుపెట్టండి, చేతిలో ఉంటే మంచిదే. కానీ అలిగి వెళ్లకండి. ఈ వానాకాలం పంట డబ్బులు వచ్చాక లెక్క చూసి, ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. వెళ్లినా ఆమె సరేనని వెళ్లాలి.

మూడింటికి మెలకువ రావడం మూడు వారాలు దాటితే ఆలస్యం చేయొద్దు, డాక్టర్‌ను కలవండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ ఆదివారం పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి, మరదల్ని మామునూరు తీసుకెళ్లండి. కారు రోజూ ఆపేచోటే ఆపండి. రోజూ ఇక్కడికే వస్తున్నానని చెప్పండి. తర్వాత ఆమె ఏమంటే అది వినండి. ఏమన్నదో నాకు రాయండి.