సీఈఓ అంటే సంస్థ యజమానా?

సీఈఓను సంస్థ యజమాని అనుకోవచ్చా, ఎండీకీ (మేనేజింగ్ డైరెక్టర్‌కూ) సీఈఓకూ తేడా ఏమిటి, తెలుగులో ఏమని రాయాలి అని మీరు అడిగారు. నల్లగొండ జిల్లాలో ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి 11 ఏళ్లు సీఈఓగా పనిచేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను.

యజమాని కాదు. సీఈఓను తెలుగులో ముఖ్య కార్యనిర్వహణాధికారి అని రాయాలి. అంటే, పాలకవర్గం నిర్ణయించిన కార్యాన్ని నిర్వహించే అధికారులలో పెద్ద అని అర్థం. మా సంఘంలో రైతులు ఎన్నుకున్న 13 మంది డైరెక్టర్లు, వారిలో నుంచి ఒక అధ్యక్షుడు ఉండేవారు. నేను జీతానికి పనిచేసే ఉద్యోగిని. ఒక యాసంగిలో ఓ పెద్దాయన తమ ఊళ్లో ఎరువుల కేంద్రం పెట్టాలని నా పేరున దరఖాస్తు తెచ్చి, "సంఘం మీదే కద సారూ, మీరు సంతకం పెడితే అయిపోతది" అన్నారు. నేను తీర్మానాల పుస్తకం తెరిచి, డైరెక్టర్ల సంతకాలన్నీ అయ్యాక చివర ఉన్న నా సంతకాన్ని చూపించాను.

జిల్లా పరిషత్తులోనూ ఇదే పద్ధతి: చైర్‌పర్సన్ ఎన్నికైన ప్రజాప్రతినిధి, సీఈఓ ప్రభుత్వ అధికారి. యాదగిరిగుట్ట దేవస్థానంలో మనం ఈఓ అని పిలిచేది కూడా కార్యనిర్వహణాధికారినే, అక్కడ "ముఖ్య" అన్న మాట ఉండదు.

కంపెనీల సంగతి కొంత వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం మేనేజింగ్ డైరెక్టర్ తప్పనిసరిగా డైరెక్టర్ల బోర్డులో సభ్యుడై, నిర్వహణలో గణనీయమైన అధికారాలు కలిగి ఉండాలి. సీఈఓ మాత్రం కంపెనీ ఆ హోదా ఇచ్చిన అధికారి, ఆయన బోర్డులో ఉండాలన్న నియమం లేదు. ఒకే వ్యక్తి రెండు హోదాల్లో ఉండటం వల్లనే చాలామంది ఆ రెండూ ఒకటే అనుకుంటారు.

రాసేటప్పుడు ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త అవసరం. ఆఫీసు బోర్డుల మీద కూడా "కార్యనిర్వాహణాధికారి" అని కనిపిస్తుంది, అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పని నిర్వహణ, చేసేవాడు నిర్వాహకుడు. ఈ రెండు కలిసిపోయి ఆ దీర్ఘం వచ్చింది. నిర్వహణకు అధికారి చేరితే నిర్వహణాధికారి అవుతుంది, "ర్వ"కు దీర్ఘం రాదు.

ఆ పెద్దాయన దరఖాస్తులో నా హోదా కొట్టివేసి, "అధ్యక్షులు గారికి" అని రాయించుకున్నారు. తరువాతి సమావేశంలో దాన్ని పాలకవర్గం ముందు పెట్టింది నేనే.