కవరు నిండా షుగర్ మాత్రలు

గుంటూరు

చి.ల.సౌ. సునీతకి,
మావయ్య ఆశీస్సులు.

మీ అత్తగారు ఊరి నుంచి కవరు నిండా షుగర్ మాత్రలు పట్టుకుని బెజవాడ వచ్చారని, ఏది ఎప్పుడెయ్యాలో ఆవిడకే సరిగ్గా తెలీదని ఫోన్లో వాపోయావు. నోటితో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. కొత్తపేటలో మందుల షాపులో ముప్పై ఏళ్లు నిలబడ్డవాణ్ణే గానీ డాక్టర్ని కాదు. మోతాదు మార్చడం నా పని కాదు, నీ పని అంతకన్నా కాదు.

ముందు ఆ స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి, చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదువు. ఇద్దరు డాక్టర్లు రెండు కంపెనీల పేర్లతో ఒకే మందు రాసిన చీటీలు ఎన్ని చూశానో! పైగా మన దగ్గర ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి వస్తాయి. అత్తగారు నాలుగు మాత్రలు వేసుకుంటున్నాననుకుంటారు, లోపలికి ఆరు మందులు పోతుంటాయి.

మెట్‌ఫార్మిన్ దాదాపు ఖాయంగా ఉంటుంది. 1957 నుంచి వాడుకలో ఉన్న పాత మందు. లివర్ రక్తంలోకి వదిలే చక్కెరని తగ్గిస్తుంది. తిండితో పాటు వెయ్యి, లేకపోతే కడుపులో తిప్పుతుంది. ఎస్.ఆర్. అని ఉంటే అది మందుని నెమ్మదిగా వదిలే రకం, నూరకు, నమలనివ్వకు. దాని ఖాళీ తొడుగు ఒక్కోసారి విరేచనంలో కనిపిస్తుంది. మందు లోపలే దిగిపోయి ఉంటుంది కాబట్టి కంగారొద్దు. ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బి12 విటమిన్ తగ్గొచ్చు. అరికాళ్లు తిమ్మిరంటే ఆ పరీక్ష, ఎలాగూ ఏడాదికోసారి కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష అడిగి చేయించు.

నా భయమంతా గ్లిమిపిరైడ్ గురించే. అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, మనిషి తిన్నదీ లేనిదీ దానికి పట్టదు. అందుకే టిఫిన్ ముందర పెట్టుకున్నాకే వెయ్యాలి. మా అమ్మ ఓ కార్తీక సోమవారం ఉపవాసముండి అమరావతి వెళ్లింది. తిండి మానింది గానీ మాత్ర మానలేదు. మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. ఉపవాసం నీరసమే అనుకుని విసనకర్రతో విసురుతూ కూర్చున్నాం, రోజూ ఆ మాత్రలమ్మే నేనూ కూర్చున్నాను. తర్వాత చూస్తే షుగర్ 48. మీ అత్తగారికీ సోమవారాల పట్టింపు ఉంది కదా, కార్తీకం రాకముందే డాక్టర్ని అడిగి పెట్టుకో.

70కి తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ పరీక్షించు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యి. కవర్లో వోగ్లిబోస్ ఉంటే మాత్రం పంచదార చాలదు. పేగుల్లో చక్కెర విరగకుండా ఆపడమే దాని పని కాబట్టి గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. ఒక డబ్బా కొని ఇంట్లో పెట్టుకో.

డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరని మూత్రంలో పంపేస్తుంది. నీళ్లు బాగా తాగించు. కింద దురదంటే పెద్దావిడ సిగ్గుపడి చెప్పరు, నువ్వే అడుగు. వాంతులై తిండి సయించకపోతే ఆ రోజు ఆ మాత్ర వేసేముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

ఇన్సులిన్ కూడా ఉందన్నావు. సీసా మీద 40 అని ఉంటే, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లని, సిరంజీ కూడా 40దే కావాలి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ 100ది. అందులోంచి 40 సిరంజితో లాగావో, రెండున్నర రెట్లు పోతుంది. మే నెల బెజవాడ ఎండకి బయట పెట్టకు, ఫ్రిజ్‌లోని డీప్ ఫ్రీజర్‌లోనూ పెట్టకు, తలుపు అరలో చాలు. కరెంటు గంటల తరబడి పోతే నీళ్లు పోసిన కుండలో, తడవకుండా డబ్బాలో పెట్టి ఉంచు. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ గడ్డకట్టి మందు సరిగా పట్టదు, చోటు మారుస్తుండు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను. పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు ఏవీ పారెయ్యకు. వదినగారిని అడిగానని చెప్పు.

మావయ్య